ఉప్పు చెమర్చే ఊరిలో ఫెర్రైట్ కాల్చడం

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, పోటు తీసిన తరువాత తడి ఇసుకమీద అక్కడక్కడ నల్లటి చారలు మిగులుతాయి. పాడైపోయిన రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతాన్ని ఆ చారమీద ఆడిస్తే, నల్లని రేణువులు లేచి వచ్చి దాని అంచుకు గడ్డం మొలిచినట్టు నిలబడతాయి. చిన్నతనంలో వేసవి సెలవులకు అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ ఇసుకను మందుసీసాల్లో నింపుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఆ రేణువుల్లో అయస్కాంతానికి అంటుకునేది మాగ్నటైటు అనీ, దక్కను బసాల్టు రాళ్లూ తూర్పు కనుమల రాళ్లూ అరిగి నదితోపాటు కొట్టుకువచ్చినదనీ చాలా ఏళ్ల తరువాత చదువుకున్నాను. చేతిలోని స్పీకరు అయస్కాంతం కూడా దానికి దాయాదేనని తెలిసినప్పుడు మరింత ఆశ్చర్యం కలిగింది. అది బేరియం లేదా స్ట్రాన్షియం సమ్మేళనాన్ని ఇనుప ఆక్సైడుతో కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి తయారుచేసిన ఫెర్రైటు. ఒకదాన్ని నది మోసుకొచ్చింది, రెండోదాన్ని మనిషి పిండి కలిపినట్టు కలిపి కాల్చుకున్నాడు.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పరిశోధన పట్టా కోసం మొదలుపెట్టిన నికెల్ జింక్ ఫెర్రైటు (బేరియం బదులు నికెల్, జింకు ఆక్సైడులను ఇనుప ఆక్సైడుతో కలిపి కాల్చినది) పని, పట్టా చేతికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. కళాశాలలో మాకున్న సరంజామా పెద్దదేమీ కాదు: కరెంటుతో వేడెక్కే ఒక చిన్న మఫిల్ కొలిమి, చేత్తో పంపు కొట్టే హైడ్రాలిక్ ప్రెస్సు, ఒక అగేట్ రాతి కల్వం, తీగచుట్టల ఇండక్టెన్సు కొలిచే ఒక ఎల్‌సీఆర్ మీటరు. వీటితో పొడి తయారుచేసి, బిళ్లలుగా, ఉంగరాలుగా నొక్కి, కాల్చే క్రమంలో నేను చేసిన పొరపాట్లలో చాలావాటికి పుస్తకాల్లో జవాబు దొరకలేదు. గాలిలో తేమ తక్కువగా ఉండి, కరెంటు నిలకడగా వచ్చే చోట రాసిన పద్ధతులను మా డెల్టాలో యథాతథంగా పాటిస్తే ఏమవుతుందో ఇక్కడ రాస్తున్నాను.

ఫెర్రైటుల చరిత్ర మరీ పాతది కాదు. 1930లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోగోరో కాటో, తకేషీ తకెయి అనే ఇద్దరు వీటిని కనిపెట్టారు. వాటిని అమ్మకానికి తయారుచేయడానికే 1935లో టీడీకే సంస్థ పుట్టింది. ఇవి అయస్కాంతంలా ఎందుకు ప్రవర్తిస్తాయో వివరించే సిద్ధాంతాన్ని 1948లో లూయీ నీల్ ఇచ్చాడు, 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సిద్ధాంతంలో నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించేది జింకు కథ. ఈ స్ఫటికంలో ఇనుము, నికెల్ అయాన్లు రెండు రకాల గదుల్లో కాపురం ఉంటాయి. నాలుగు ఆక్సిజన్ల మధ్య ఉన్న చిన్న గదుల్లోని అయస్కాంత భ్రామకాలు ఒక దిక్కుకు, ఆరు ఆక్సిజన్ల మధ్య ఉన్న పెద్ద గదుల్లోనివి దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి, మనకు అందేది ఆ రెండింటి తేడా మాత్రమే. జింకుకు స్వయంగా అయస్కాంత గుణమే లేదు. అయినా అది పట్టుబట్టి చిన్న గదిలోకి చేరి, అక్కడున్న ఇనుమును పెద్ద గదిలోకి నెట్టేస్తుంది. చిన్న గదులవారి బలం తగ్గి, పెద్ద గదులవారి బలం పెరిగి, మొత్తంమీద అయస్కాంతత్వం పెరుగుతుంది. లెక్క ప్రకారం నికెల్ ఫెర్రైటుకు ఒక్కో అణువుకు 2 బోర్ మాగ్నెటాన్‌లు (అణుస్థాయిలో అయస్కాంత బలానికి కొలమానం) ఉంటే, సగం నికెల్ స్థానంలో జింకు వేసినప్పుడు 6 రావాలి. నిజంగా అంత రాదు గాని గణనీయంగా పెరుగుతుంది. సగం దాటిన తరువాత మళ్లీ పడిపోతుంది. అందుచేత ఈ పదార్థంలో జింకు పాలు ఎంత అన్నది చాలా సున్నితమైన విషయం. నేను ఎదురుదెబ్బ తిన్నదీ సరిగ్గా అక్కడే.

తూకంతో మొదలుపెడతాను. నికెల్ సగం, జింకు సగం ఉన్న ఫెర్రైటు 100 గ్రాములు కావాలంటే ఫెర్రిక్ ఆక్సైడు 67.17 గ్రాములు, నికెల్ ఆక్సైడు 15.71 గ్రాములు, జింకు ఆక్సైడు 17.12 గ్రాములు తీసుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో ఈ మూడింటినీ బాల్‌మిల్లులో గంటల తరబడి కలిపి, 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒకసారి కాల్చి, మళ్లీ నూరి, అచ్చులో నొక్కి, 1200 పైన రెండోసారి కాలుస్తారు. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. ఉక్కు గుండ్లతో నూరినప్పుడు గుండ్లు అరిగి ఆ ఇనుము పొడిలో కలుస్తుంది. అందుకే కర్మాగారాల్లో ఆ అరుగుదలను ముందే అంచనా వేసి, ఫెర్రిక్ ఆక్సైడును కొద్దిగా తగ్గించి తూస్తారు. మాకు బాల్‌మిల్లు లేదు కాబట్టి ఆ బెడద లేదు, దానికి బదులు భుజం నొప్పి ఉంది. కల్వంలో ఎసిటోను పోసి మూడు గంటలు నూరాలి. మా ఊరి గాలిలో ఎసిటోను ఆవిరైపోతున్నకొద్దీ పొడి చల్లబడి, చల్లని గ్లాసు బయట నీళ్లు పట్టినట్టు దానిమీద తేమ చేరుతుంది. పొడి అంచులు ముద్దకట్టడం చూసి ఎసిటోను మంచిది కాదేమోనని సీసాలు మార్చిన రోజులు ఉన్నాయి. తప్పు ఎసిటోనుది కాదని తెలియడానికి ఒక చలికాలం గడవాల్సి వచ్చింది.

నూరే బాధ తప్పించుకుందామనే నేను రెండో పద్ధతికి మారాను. దీనిలో ఆక్సైడులకు బదులు నైట్రేటులు తీసుకుంటాం. మూడు లోహాల నైట్రేటులనూ నీళ్లలో కరిగించి, సిట్రిక్ ఆమ్లం కలిపి, అమ్మోనియాతో పీహెచ్ 7 దగ్గరకు తెచ్చి, సన్నని సెగమీద కలుపుతూ ఇగరబెట్టాలి. లోహ అయాన్లు ద్రావణంలోనే అణువుల స్థాయిలో కలిసిపోతాయి కాబట్టి నూరడంతో పని ఉండదు. మొదట పలుచగా ఉన్న ద్రావణం తేనెలా చిక్కబడి, ఆ తరువాత తీగపాకానికి వస్తుంది. సంక్రాంతికి అరిసెల పాకం పట్టడం చూసినవారికి ఈ దశ ఎవరూ చెప్పనక్కరలేదు. గరిటె ఎత్తితే తీగ సాగాలి, అడుగంటకూడదు. పాకం ముదిరి, నల్లని గడ్డగా బిగిసి, ఇంకా వేడెక్కితే ఒక మూల నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ గడ్డ అంతటా పాకుతూ పోయి, ఒకటి రెండు నిమిషాల్లో బీకరు నిండా పక్షి ఈకంత తేలికైన గోధుమరంగు బూడిద మిగులుతుంది. నైట్రేటు ఆక్సిజన్ ఇస్తుంది, సిట్రిక్ ఆమ్లం ఇంధనమవుతుంది, తన మంటతో తానే కాలుతుంది. ఆ బూడిదలోనే ఫెర్రైటు స్ఫటికాలు కొన్ని పదుల నానోమీటర్ల పరిమాణంలో ఏర్పడి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు విద్యార్థులు చప్పట్లు కొట్టారు. పొగ గోధుమరంగులో, ఘాటుగా వస్తుంది. నైట్రోజన్ ఆక్సైడులు విషవాయువులు కాబట్టి పొగగూడు లేనిదే ఈ పని చేయకూడదు.

20 గ్రాముల ఫెర్రైటుకు ఫెర్రిక్ నైట్రేటు 68 గ్రాములు, నికెల్ నైట్రేటు 12.2, జింకు నైట్రేటు 12.5 గ్రాములు చాలు. ఈ బరువులన్నీ ఒక్కో అణువుతో ఇన్ని నీటి అణువులు ఉన్నాయన్న నమ్మకం మీద వేసినవి: ఫెర్రిక్ నైట్రేటుకు తొమ్మిది, మిగిలిన రెంటికీ ఆరేసి. సీసా చీటీమీద అలాగే రాసి ఉంటుంది. ఆ చీటీ నిజం చెప్పేది సీలు తీసేంతవరకే.

ఒక ఆగస్టు నెలలో జరిగిన సంగతి ఇది. నాలుగు రోజులుగా ముసురు పట్టి వదలలేదు, గోదావరికి వరద వచ్చి లంకలు మునిగి ఉన్నాయి. నేను జింకు నైట్రేటు తూస్తుంటే త్రాసు అంకె ఒకచోట నిలవలేదు. 12.512 చూపించింది, నోటుపుస్తకం తెరిచేలోగా 12.518 అయింది, రాసేలోగా 12.526. నేను త్రాసుదే లోపమనుకుని, సున్నా చేసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే వరస. ఈలోగా తూకపు కాగితం అడుగున తడి మచ్చ పడింది. మా అటెండరు నాకన్నా పదేళ్లు పెద్దవారు, ఉద్యోగంలో చేరకముందు ఇటుక బట్టీల దగ్గర పనిచేసినవారు. ఆయన వెనకనుంచి తొంగి చూసి, "ఉప్పు చెమర్చినట్టు చెమర్చిందండి మాస్టారూ. ఇంట్లో ఉప్పుజాడీలో నాలుగు బియ్యపుగింజలేస్తామండి, దీంట్లో ఏమేత్తారండి?" అని అడిగారు. ఇందులో ఏమీ వెయ్యకూడదండీ అని నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఖరీదు ఏడు వారాలు.

ఆ పొడితో నేను ఎనిమిది ఉంగరాలు, ఆరు బిళ్లలు చేశాను. 900 డిగ్రీల దగ్గర కాల్చిన పొడిని, దానిలో ఏ స్ఫటికాలున్నాయో చెప్పే ఎక్స్‌రే వివర్తనం కోసం విశాఖపట్నం పంపితే, పటం రావడానికి నెల పట్టింది. ఫెర్రైటు ముఖ్య శిఖరం 35.5 డిగ్రీల కోణం దగ్గర చక్కగా ఉంది. దానికి ఎడమపక్కన 33.2 దగ్గర, ఉండకూడని చోట, ఒక చిన్న శిఖరం తల ఎత్తి ఉంది. అది హెమటైటు, అంటే ఫెర్రైటులో కలవకుండా మిగిలిపోయిన ఫెర్రిక్ ఆక్సైడు. ఇనుము మిగిలిందంటే దాని జోడు తక్కువైందన్నమాట. ఆ పటం చూసిన సాయంత్రం అటెండరు అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది.

మరునాడు అదే సీసా నుంచి 2 గ్రాముల జింకు నైట్రేటు మూసలో తీసుకుని, చిటపటలాడి ఎగిరిపోకుండా మెల్లగా వేడిచేసి, 600 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. చీటీమీది సూత్రం నిజమైతే చివరకు 0.547 గ్రాముల జింకు ఆక్సైడు మిగలాలి. మిగిలింది 0.49. అంటే నేను జింకు నైట్రేటు అనుకుని తూసిన దానిలో పదో వంతు కోనసీమ గాలిలోని నీళ్లు. జింకు సగం పాలు అనుకున్నది 0.45 అయింది, జోడు దొరకని ఇనుము హెమటైటుగా పక్కన కూర్చుంది.

అప్పటినుంచి నేను ఘన నైట్రేటులను తూయడం మానేశాను. కొత్త సీసా సీలు తీసిన రోజే మొత్తం నీళ్లలో కరిగించి, బిగుతుగా మూత ఉన్న సీసాలో ద్రావణంగా ఉంచుతాను. ద్రావణం ఇక గాలినుంచి తేమ పట్టే పని లేదు. దానిలోంచి 10 మిల్లీలీటర్లు మూసలో పోసి ఇగరబెట్టి కాల్చి, ఎంత ఆక్సైడు మిగిలిందో తూసి, ఆ సంఖ్యను సీసామీద రాస్తాను. మూడుసార్లు చేసి మూడూ కలిస్తేనే నమ్ముతాను. ఇది కొత్త విద్య కాదు, పాత రసాయన శాస్త్రవేత్తలు రోజూ చేసిన పనే. కాని ఈ అంశంమీద వచ్చే పత్రాల్లో "నైట్రేటులను తగిన నిష్పత్తిలో తీసుకుని" అని ఒక్క ముక్కతో దాటేస్తారు. ఆ "తగిన" అన్న మాటలో ఎంత నీరు దాగి ఉందో ఎవరి ఊరి వాతావరణాన్ని బట్టి వారు తేల్చుకోవాలి.

పొడి చేతికి వచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. నానో అన్న మాటకు ఉన్న మోజు అటువంటిది. పొడి పరిమాణం కొలిచి, అయస్కాంతత్వం కొలిచి, పత్రం రాసేస్తారు. నా దృష్టిలో పొడి సగం పని మాత్రమే. రేడియోలోని నల్లటి కడ్డీ గాని, కంప్యూటరు తీగమీద గుబ్బలా కనిపించే పూస గాని, ఫోను ఛార్జరులోని ట్రాన్స్‌ఫార్మరు గుండె గాని కాల్చి గట్టిపరచిన పింగాణీ ముక్కలు. పొడిగా ఉంటే వాటితో పని జరగదు.

ఈకలాంటి ఆ బూడిద అచ్చులో సరిగా కూర్చోదు. దానిని 900 దగ్గర ఒకసారి కాల్చి, కల్వంలో కాసేపు నూరి, నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టు పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణం కొద్దిగా పట్టించి, జల్లెడలో రుద్ది సన్నని రవ్వగా చేసుకోవాలి. రవ్వ అయితే అచ్చులోకి చక్కగా జారుతుంది. జిగురులా పనిచేసే ఈ బైండరు రెండు మూడు శాతం మించితే కాలేటప్పుడు పొక్కులు వస్తాయి, తక్కువైతే అచ్చులోంచి తీసేటప్పుడే అంచులు రాలుతాయి. నొక్కుడు విషయంలో ఎక్కువ నొక్కితే ఎక్కువ మంచిదనే భ్రమ నాకు చాలాకాలం ఉండేది. 12 మిల్లీమీటర్ల అచ్చుమీద నాలుగైదు టన్నులు వేస్తే, పైకి నున్నగా కనిపించిన బిళ్ల కొలిమిలోంచి వచ్చేటప్పటికి కాజా పొరల్లా విడిపోయేది. ఇప్పుడు 2 టన్నులు దాటను, ఆ 2 టన్నులమీద ఒక నిమిషం ఆగి, మెల్లగా వదులుతాను.

ఇక కాల్చడం. సింటరింగ్ అంటే కరిగించడం కాదు. కరిగే ఉష్ణోగ్రతకు బాగా కింద, ఘనస్థితిలోనే, ఒకదానినొకటి తాకుతున్న రేణువుల మధ్య అణువులు ప్రాకి మెడలా ఒక వంతెన కట్టుకుంటాయి. ఆ మెడలు లావెక్కేకొద్దీ రేణువుల మధ్యనున్న ఖాళీలు చిన్నవై, మూసుకుపోయి, ముక్క మొత్తం కుదించుకుపోతుంది. అచ్చులోంచి తీసిన పచ్చి ఉంగరంలో దాదాపు 45 శాతం ఖాళీయే. అది 5 శాతానికి దిగితే 12 మిల్లీమీటర్ల వ్యాసం సుమారు 10కి వస్తుంది. ఈ సంగతి మా అటెండరుకు చెబితే ఆయనకు కొత్తగా అనిపించలేదు. పచ్చి ఇటుక కాలితే చిన్నదవుతుందనీ, అందుకే అచ్చు పెద్దదిగా చేయిస్తారనీ, ఊకతో కాల్చే బట్టీలో సెగ ఒక్కసారిగా ఎగదోస్తే ఇటుక పైకి ఎర్రగా ఉండి నడుమ నల్లగా మిగిలిపోతుందనీ ఆయనే నాకు చెప్పారు. ఆ నల్లటి గుండె ఏమిటో నాకు బాగా తెలుసు. నా తొలి బిళ్లలను విరిచి చూసినప్పుడు కూడా అంచున బూడిదరంగు, మధ్యలో నలుపు. బైండరులోని కార్బను కాలిపోయే వ్యవధి ఇవ్వకుండా వేడి పెంచితే, బయటి పొర ముందు మూసుకుపోయి లోపలికి ఆక్సిజన్ అందదు. లోపల ఇనుములో కొంత భాగం మూడు ఆవేశాల స్థితి నుంచి రెండుకు దిగుతుంది. అలా రెండు రకాల ఇనుము పక్కపక్కన ఉన్నచోట ఎలక్ట్రాను ఒకదానినుంచి ఇంకొకదానికి దూకుతుంది, నిరోధం పడిపోతుంది. లోహాల బదులు ఫెర్రైటులను వాడేదే వాటి నిరోధం ఎక్కువ గనుక. అది పోయాక ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర శక్తి అంతా వేడిగా వృథా అవుతుంది.

అందుకని 500 డిగ్రీల వరకు నిమిషానికి 2 డిగ్రీల చొప్పున, కొలిమి తలుపు కాస్త సందు ఉంచి తీసుకువెళతాను. అక్కడ గంట ఆపి, తలుపు మూసి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1250కి చేర్చి, నాలుగు గంటలు నిలుపుతాను. దిగేటప్పుడు 900 వరకు మెల్లగా దించితే, ఎక్కువ వేడిలో పోగొట్టుకున్న ఆక్సిజన్‌ను ముక్క గాలినుంచి తిరిగి తీసుకుంటుంది. ఇంకొక జాగ్రత్త ఉంది. 1200 దాటితే జింకు ఆవిరై పోతుంది. అంత కష్టపడి తూకంలో నిలబెట్టుకున్న జింకును కొలిమి ఎత్తుకుపోకుండా, అల్యూమినా మూసలో అదే ఫెర్రైటు పొడిని పరుపులా పరచి, ఉంగరాలను దానిలో పూడ్చి, మూత పెడతాను. పోవలసిన జింకు ఏదో ఆ పరుపులోంచి పోతుంది.

కాగితంమీద ఇది పదకొండున్నర గంటల పని, చల్లారడం కాక. సాయంత్రం నాలుగింటికి పెడితే అర్ధరాత్రికి 1250 చేరి, తెల్లవారుజామున ముగియాలి. మొదట్లో అలాగే పెట్టేవాడిని, ఎందుకంటే పగలు పాఠాలు ఉంటాయి. ఒక వేసవిలో వరుసగా మూడు బ్యాచ్‌లు సరిగా కుదించుకోలేదు. బిళ్లలు చేతికి తేలిగ్గా తగిలేవి. మా అటెండరు ఇటుకలు పరీక్షించినట్టు రెండు బిళ్లలను ఒకదానికొకటి తాకించి, "ఖంగుమనట్లేదండి, ఇంకా పచ్చిగానే ఉందండి" అనేవారు. ఆయన మాట మీద ఒక రాత్రి కొలిమి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంకె 1180 వరకు ఎక్కి, అక్కడ చతికిలబడింది. కంట్రోలరు పూర్తి శక్తి అడుగుతూనే ఉంది. గోడమీది వోల్టుమీటరు 200 చూపిస్తోంది. ఆరుబయటికి వచ్చి నిలబడితే, కళాశాల ప్రహరీ అవతల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు వరసగా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. రాత్రిపూట చెరువునీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి రైతు ఏరేటరు ఆపలేడు, ఆపితే తెల్లారేసరికి పంట పోతుంది. ఆ లైనుమీదే నా కొలిమీ ఉంది.

విద్యుత్ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఉండవలసినచోట 200 ఉంటే, తగ్గుదల చూడటానికి ఎనిమిదో వంతులా ఉంటుంది గాని, శక్తి మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. 3 కిలోవాట్ల కొలిమికి అందేది 2.27 కిలోవాట్లు. అంత శక్తి 1180 దగ్గర గోడలగుండా పోయే వేడికి సరిపోతుంది, ఆపైన ఎక్కడానికి మిగలదు. దీనికి తోడు సిలికాన్ కార్బైడు కడ్డీలు వాడేకొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది, ముసలి కడ్డీ కొత్తదానంత వేడి ఇవ్వదు. నా నోటుపుస్తకంలో ఆ మూడు బ్యాచ్‌ల ఎదుట "1250 డిగ్రీలు, 4 గంటలు" అని శుభ్రంగా రాసి ఉంది. నేను కొలిమికి చెప్పినది రాసుకున్నాను, కొలిమి చేసినది రాసుకోలేదు. ఇప్పుడు ప్రతి పావుగంటకు ఉష్ణోగ్రతా వోల్టేజీ రెండూ రాస్తాం, తెల్లవారుజామున ఐదింటికి పెట్టి మధ్యాహ్నం వేళకు 1250 దాటేట్టు చూస్తాం. ఆ పొద్దుటి పూట కొలిమి వెలిగించే బాధ్యత అటెండరు తనంతట తానే తీసుకున్నారు.

రాత్రి కాల్చిన ఉంగరాన్నీ పగలు కాల్చిన ఉంగరాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచాను. ఒకే పొడి, ఒకే అచ్చు, ఒకే ఒత్తిడి. నీటిలో ముంచి తూసి లెక్కగడితే మొదటిదాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.70 గ్రాములు, రెండోదానిది 5.05. ఖాళీలు లేని ఆదర్శ స్ఫటికానికి రావలసినది 5.35. ఎనామిల్ రాగితీగ 30 చుట్లు చుట్టి ఎల్‌సీఆర్ మీటరుకు తగిలిస్తే, పగటి ఉంగరం 55 మైక్రోహెన్రీలు చూపించింది, రాత్రి ఉంగరం 31. కొలతలు వేసి చూస్తే పగటిదాని పారగమ్యత (అయస్కాంత క్షేత్రాన్ని తనలో పోగుచేసుకునే గుణం) 200, రాత్రిదానిది 110 దరిదాపు. రేణువులు చిన్నవిగా, మధ్యలో ఖాళీలు ఎక్కువగా ఉంటే అయస్కాంత డొమైను గోడలు, అంటే వేర్వేరు దిక్కులకు తిరిగిన అయస్కాంత ప్రాంతాల మధ్య సరిహద్దులు, కదలలేక అక్కడక్కడ చిక్కుకుపోతాయి. రసాయన సూత్రం రాయమంటే రెండు ఉంగరాలకూ ఒకే సూత్రం రాయాలి.

పగలు కాల్చే ఏర్పాటు సెలవుల్లో బాగుంటుంది గాని, పరీక్షల రోజుల్లో కుదరదు. కొలిమికి స్టెబిలైజరు అడిగితే అంత పెద్దది కొనడానికి నిధులు లేవన్నారు. అందుకని ఈ ఏడాది నేను పదార్థాన్నే మార్చాను. నికెల్‌లో కొంత తీసి రాగి చేరిస్తే, అంటే నికెల్ 0.3, రాగి 0.2, జింకు 0.5 చొప్పున వేస్తే, ఆ ఫెర్రైటు 900, 950 మధ్యే గట్టిపడుతుంది. చిప్ ఇండక్టరులు (సర్క్యూటు పలకమీద అతికే బుల్లి తీగచుట్టలు) చేసేవారు దీనినే వాడతారు, ఎందుకంటే వాటిలో ఫెర్రైటు పొరల మధ్య వెండి తీగను కలిపి కాల్చాలి, వెండి 962 దగ్గర కరిగిపోతుంది. వారికి వెండితో వచ్చిన ఇబ్బంది నాకు రొయ్యల చెరువులతో వచ్చింది, మందు మాత్రం ఒకటే. దీనికి అర శాతం బిస్మత్ ఆక్సైడు కలిపితే అది 817 డిగ్రీల దగ్గర కరిగి, రేణువుల మధ్య పలుచని తడిలా పరచుకుని, అణువుల ప్రయాణాన్ని సులువు చేస్తుంది. జింకు ఆవిరి భయం కూడా ఆ వేడిలో పెద్దగా లేదు కాబట్టి పొడి పరుపు వేయకుండానే పెట్టాను.

మొదటి బ్యాచ్ గత వారం రాత్రిపూటే కాల్చాం. వోల్టుమీటరు 196 దాకా పడింది. కొలిమి 920కి నింపాదిగా చేరి, మూడు గంటలు చలించకుండా నిలిచింది. పొద్దున్న మూస తెరిచి, అటెండరు రెండు బిళ్లలు తీసుకుని ఒకదానికొకటి తాకించి, నా వైపు చూసి, "ఆయ్, ఇది పలికిందండి" అన్నారు. ఒకదాన్ని విరిచాం. అంచు నుంచి నడుమదాకా ఒకే రంగు, నల్లటి గుండె లేదు. సాంద్రత 4.96 వచ్చింది. మిగిలిన ఉంగరాలకు తీగ చుట్టాలి. ఆ పని ఇద్దరు ఆఖరి సంవత్సరం విద్యార్థులకు అప్పజెప్పాను, ముప్పై చుట్లు లెక్కపెట్టి చుట్టమని.